చావింటి బంగారం

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి వెనక ఒక సందు ఉంది. ఆ సందులో ఇరుకు మెట్లెక్కితే మేడ మీద మొదటి గది ఉస్మాన్‌ది. ఒక కుంపటి, గ్యాసు మంట గొట్టం, మట్టి మూసలు, పట్టకారు, వెలిగారం డబ్బా, చిన్న త్రాసు. ముప్పై ఎనిమిదేళ్లుగా అతడు ఆ గదిలో కూర్చుని పాత బంగారం కరిగిస్తున్నాడు. అంతకు ముందు అదే చోట అతడి నాయన కరిగించాడు.

వయసు యాభై ఎనిమిది. పొద్దున ఎనిమిదికి గది తెరిచి ఊడుస్తాడు. ఊడ్చిన దుమ్మును పారేయడు, డబ్బాలో పోసి పెడతాడు. ఏడాదికొకసారి ఆ దుమ్మును కడిగితే అందులోనూ కొంత బంగారం తేలుతుంది. పదకొండుకు ఒక టీ, నాలుగుకు ఒక టీ. శుక్రవారం మధ్యాహ్నం కుంపటి ఆర్పి మసీదుకు పోతాడు. కొడుకు మొయిన్ కువైట్‌లో ఏసీలు బాగుచేస్తాడు. కూతురు పెళ్లయి చెన్నూరులో ఉంది. భార్య ఖమర్‌బీ కట్టిచ్చిన అన్నం డబ్బా ఒంటిగంటకు తెరుస్తాడు. ఇంకేం కావాలని ఎవరైనా అడిగితే అతడికి వెంటనే జవాబు తోచదు. ఆలోచించి, కింద మెట్టు ఒకటి విరిగింది, అది బాగుచేయిస్తే చాలంటాడు.

పని అంటే అతడికి ఇష్టం. మూసలో ముక్కలు ఎర్రబడి, కుంగి, ఒక్కసారిగా దగ్గరై గుండ్రంగా కూర్చుంటాయి. ఆ క్షణాన వాటి మీద అద్దంలాంటి వెలుగు ఒకటి పాకుతుంది. ఎన్ని వేలసార్లు చూసినా అప్పుడు ముందుకు వంగి చూస్తాడు. అంతవరకు అది ఎవరి గాజో, ఎవరి కమ్మో. ఆ తరువాత ఎవరిదీ కాదు.

చూపు బాగున్న రోజుల్లో నగలు కూడా చేశాడు. తన చేతి అతుకును చీకట్లో తడిమినా గుర్తుపడతానని అనేవాడు. పక్క గదిలో నగలకు మెరుగుపెట్టే అమీర్ బాషా ఆ మాట విన్నప్పుడల్లా నవ్వేవాడు. మా మామకు పెండ్లాం ముఖం కన్నా అతుకులే బాగా గుర్తు అని కిందికి టీ తాగడానికి వచ్చినవాళ్లకు చెప్పేవాడు.

నాయన నేర్పినవాటిలో ఒక పద్ధతి ఉంది. ఇది చావింటి బంగారం అని ఎవరైనా అంటే ఇక ఏమీ అడగకూడదు. ఎవరు పోయారు, ఎట్లా పోయారు, ఎవరికి ఎంత వాటా, ఏదీ అడగకూడదు. నగను తిప్పి చూడకూడదు. ముందున్న పనులన్నీ పక్కన పెట్టి దాన్ని మొదట మూసలో వేయాలి. సగం కూలే తీసుకోవాలి. పోయిన మనిషి ఒంటి మీది వస్తువును పరాయివాడు వేళ్లతో తడమడం మర్యాద కాదని నాయన నమ్మకం. ఉస్మాన్‌కు అది సబబుగా తోచింది. అట్లాగే చేస్తూ వచ్చాడు.

ఒక ఏడాది వానలు మొదలయ్యే రోజుల్లో ఒక మనిషి మెట్లెక్కి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఉతికిన తెల్ల చొక్కా, గుండు గీయించుకున్న తల. ఉస్మాన్ తలెత్తగానే, చావింటి బంగారమప్పా, మాయమ్మది, అక్కాచెల్లెళ్లకు పంచాల, అన్నాడు. గుడ్డ మూటలో తునకలు తునకలుగా కోసిన గొలుసు, నలిగి చదునైన గుండ్లు ఉన్నాయి. గుండ్ల లోపల నింపిన లక్క అప్పటికే కాలిపోయి అన్నీ నల్లగా మాడి ఉన్నాయి. ఉస్మాన్ చూపు పక్కకు తిప్పుకుని వాటిని మూసలో పోశాడు. అరగంటలో కడ్డీ చేసి ఇచ్చి సగం కూలి తీసుకున్నాడు. ఆ మనిషి దండం పెట్టి పోయాడు.

తొమ్మిది రోజుల తరువాత మళ్లీ వచ్చాడు. ఇది చిన్నక్క వాటా అన్నాడు. ఈసారి గుండ్లు గుండ్లుగానే ఉన్నాయి. లోపల లక్క ఉంది. లక్క నిదానంగా తీయాలి, రేపు సందకాడ రమ్మన్నాడు ఉస్మాన్. ఆ మనిషి సరేనని కిందికి దిగాడు.

పన్నెండు గంటలప్పుడు ఉస్మాన్ గుండ్లను ఒక్కొక్కటే వేడిచేస్తున్నాడు. వాటి చివర తీగతో చేసిన కొక్కెం ఒకటి పట్టకారుకు చిక్కింది. విడిపించబోయి ఆగాడు. నెక్లెసు కొక్కేలన్నీ ఒకే వైపు తిరుగుతాయి. ఇది ఎదురు తిరిగింది.

అతడు గ్యాసు ఆర్పాడు. కొక్కేన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. అతుకు చూశాడు. అది తన చేతిది.

పదకొండేళ్ల కిందట సింహాద్రిపురం నుంచి ఈశ్వరమ్మ అనే ఆమె గుండ్లసరం చేయించుకుంది. బత్తాయి తోట, అక్కడి మాటలో చీనీతోట, ఉన్న మనిషి. ఎడమచేతి వాటం. మామూలు కొక్కెం వేస్తే, నువ్వే నా మెడ వెనక నిలబడి పెట్టు ప్రతి దినమూ అని వెనక్కి ఇచ్చింది. రెండోసారీ కుదరలేదు. మూడోసారి ఉస్మాన్ కొక్కేన్ని ఎదురుతిప్పి చేశాడు. అది పెట్టుకుని చూసి ఆమె పెద్దగా నవ్వింది. ఆనాటి నుంచి ప్రతి కాపుకూ ఒక గోతం చీనీకాయలు ప్రొద్దుటూరు బస్సుకు వేయించేది.

ఈ ఏడు కాయలు రాలేదు.

ఉస్మాన్ కొక్కేన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పోయిందేమో. పోయి ఉంటే ఇది చావింటి బంగారమే, ఆ మనిషి ఆమె కొడుకే. కానీ ఈశ్వరమ్మకు కొడుకులు లేరు. అప్పుడు మొదటి మూట గుర్తొచ్చింది. నలిగిన గుండ్లు. వాటిని తానే మూసలో పోశాడు. తన అతుకులను తానే కరిగించాడు.

పాత ఫోను పుస్తకంలో ఆమె నంబరు వెతికాడు. పోయిన మనిషి ఇంటికి ఫోను చేసి ఏమని అడగాలో అతడికి తోచలేదు. అయినా నంబరు నొక్కాడు. ఎత్తింది ఈశ్వరమ్మే. గొంతు గుర్తుపట్టి కూడా అతడు, ఈశ్వరమ్మక్క ఉందా అని అడిగాడు.

"నేను గాక ఎవరెత్తుతారప్పా నా ఫోను?"

"బాగుండావా అక్కా?"

"బాగుండా. ఏంది అట్ల అడుగుతాండావు, నేను సచ్చినానని ఎవరన్నా చెప్పిన్యారా ఏంది?"

ఈ ఏడు పిందె రాలిపోయిందని, అందుకే కాయలు పంపలేదని ఆమే చెప్పుకుపోయింది. తరువాత, అడగకుండానే, రెండు నెలల కిందట ఇంట్లో దొంగలు పడ్డారని చెప్పింది. పులివెందుల ఠాణాలో కాగితం రాసిచ్చిందట. గుండ్లసరం పోయిందప్పా, నువ్వు చేసింది, నీకు చెప్పేదానికి నోరు రాలే, అంది. ఉస్మాన్ మళ్లీ చేస్తానని ఫోను పెట్టేశాడు.

అమీర్ బాషా భోజనానికి చేతులు కడుక్కుంటున్నాడు. విషయమంతా విని తడి చేతులతోనే తలుపు దగ్గరికి వేశాడు. అతడి భయానికి కారణం ఉంది. ఏడేళ్ల కిందట ఎక్కడో దూరపు ఊరి ఠాణా వాళ్లు ఒక దొంగను తీసుకొచ్చి ఈ సందులో నిలబెట్టారు. దొంగ సొమ్ము ఇక్కడే ఇచ్చానని వాడు అమీర్ బాషా గుమ్మం చూపించాడు. వాడి ముఖం అమీర్ బాషా ఎన్నడూ చూడలేదు. అయినా కేసులో పేరు రాకుండా ఉండటానికి నాలుగు తులాల సొంత బంగారం ఇచ్చుకున్నాడు. అంగళ్ల వీధిలో అందరికీ ఇట్లాంటి కథ ఒకటి ఉంది.

"మామా, నువ్వేమీ సూళ్లేదు. గ్యాసు అయిపోయిందని చెప్పి ఆ సరుకు ఆయప్ప చేతిలో పెట్టు. నీ అంతట నువ్వు ఠాణా మెట్టెక్కితే, దిగేది వాళ్లు చెప్పినప్పుడే."

"సూసినా గదరా."

"మొదటిది కరిగించినావు. రెండోది పట్టుకొని పోతే మొదటిది యాడ అంటారు. ఏం చెప్తావు?"

అదే అసలు సంగతి. నోరు మూసుకుంటే ఈశ్వరమ్మ సగం సరం కూడా పోతుంది. నోరు తెరిస్తే తాను దొంగ సొమ్ము కరిగించినవాడవుతాడు. కుంపటి పోతుంది. ముప్పై ఎనిమిదేళ్ల పేరు పోతుంది. జైలు కూడా ఉండవచ్చు.

ఇంటికి పోయి ఖమర్‌బీకి చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చివరిదాకా విన్నది. ఏడవలేదు, వద్దనలేదు. ఈశ్వరమ్మ ఫోనెత్తింది గదా, ఈసారి చేసినప్పుడు ఆమెకు ఏం చెప్తావు అని మాత్రం అడిగింది. ఉస్మాన్ చొక్కా మార్చుకున్నాడు. గుండ్లను, కొక్కేన్ని రుమాలులో కట్టి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

జమ్మలమడుగులో వకీలు దేవకుమారి అతడికి తెలుసు. ఆమె తల్లి మిషన్ బడిలో టీచరుగా పనిచేసింది. దేవకుమారి పెళ్లి గొలుసు చేసింది ఉస్మానే. ఆఫీసంటే ఇంటి ముందరి గది. బల్ల మీద కాగితాల కట్టలు, గోడ మీద బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు. అతడి ముఖం చూసి ఆమె ముందు నీళ్లు తెప్పించింది. తరువాత మొదటి నుంచి చెప్పమంది. మధ్యలో రెండుసార్లు మాత్రం ఆపి, ఎన్ని గంటలకు అని అడిగింది.

అంతా అయ్యాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఉస్మానన్నా, దొంగ సొమ్మని తెలిసి తీసుకున్నా, పెట్టుకున్నా, దాచేదానికి సాయం చేసినా నేరం. కొత్త చట్టం వచ్చి నంబరు మారింది గానీ మాట అదే. తెలియడమంటే కండ్లారా చూసుండాల్సిన పని లేదు. అనుమానపడేదానికి కారణముండి కండ్లు మూసుకున్నా అంతే."

"నేను కండ్లు తిప్పుకునింది మర్యాదకమ్మా."

"అది నాకు తెలుసు. పోలీసులకు, జడ్జికి తెలియాల. మొదటి మూటప్పుడు నీకు తెలీదు. తెలీకపోతే నేరం లేదు. రెండోది ఈపొద్దు పన్నెండుకు తెలిసింది. ఇప్పుడు మూడున్నర. ఈ మూడున్నర గంటలకు నేను జవాబు చెప్పగలను. రేపు సందకాడికయితే చెప్పలేను."

కోట్ల లెక్కలో అయితే దీనికే ఇంకో పెద్ద చట్టం ఉందని, ఆ అధికారులు ఢిల్లీ నుంచి వస్తారని, గుండ్లసరానికి రారులే అని ఆమె కొంచెం నవ్వింది. ఆ చట్టం మూలమూ ఇదేనంది. దొంగ సొమ్ముకు ఉన్న ముఖం తుడిచేసి మంచి సొమ్ము పక్కన కూర్చోబెట్టడం.

"ముఖం తుడిచేదే గదమ్మా నా పని."

దేవకుమారి కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. తెల్లకాగితం తీసుకుని, ఏ రోజు ఏ వేళకు ఏం జరిగిందో తెలుగులో రాసింది. అతడితో సంతకం పెట్టించింది. ఠాణాకు తానే ఫోను చేసి మనిషి వస్తున్నాడని చెప్పింది. గుమ్మం దాకా వచ్చి ఒక మాట చెప్పింది. ఏం చేశావో అది చెప్పు, తప్పు చేశానని మాత్రం అనొద్దు, ఆ మాట జడ్జిది.

పులివెందుల బస్సు ముద్దనూరు మీదుగా పోతుంది. కలమల్ల వైపు కరెంటు కర్మాగారం గొట్టాలు దూరంగా కనిపించాయి. ఉస్మాన్ కుడిచేయి జేబు మీదే ఉంది. దారి పొడుగునా, తనకు తెలిసి ఎంతసేపయిందో అదొకటే లెక్క వేసుకున్నాడు. నాలుగున్నర గంటలు. అయిదు గంటలు. అయిదున్నర.

ఠాణాలో ఎస్సై చిన్న వయసువాడు. దేవకుమారి రాసిన కాగితం రెండుసార్లు చదివాడు. ఉస్మాన్ రుమాలు విప్పాడు. ఎస్సై ఈశ్వరమ్మ ఫైలు తెప్పించాడు. అందులో ఒక ఫోటో ఉంది, ఏదో పెళ్లిలో తీసింది. మెడలో సరం. కానిస్టేబుల్ ఫోటోలో గుండ్లను, బల్ల మీది గుండ్లను మార్చి మార్చి చూశాడు.

మొదటిది కరిగించేటప్పుడు అనుమానం రాలేదా అని ఎస్సై అడిగాడు. రాలేదన్నాడు ఉస్మాన్. ఎందుకు రాలేదని అడిగాడు.

"చావింటి బంగారమన్న్యాడు సార్. అట్ల అంటే మేము సూడం. మా నాయన కాలం నుంచి అంతే. సూసింటే నా అతుకు నాకు తెలిసేది. సూడకపోవడం నా తప్పే."

ఆ మాట నోరు దాటాక దేవకుమారి గుర్తొచ్చింది. అప్పటికే కానిస్టేబుల్ రాస్తున్నాడు. ఎస్సై చెయ్యెత్తి అతడి కలాన్ని ఆపాడు.

కూలి ఎంత తీసుకున్నావని ఎస్సై అడిగాడు. సగం అన్నాడు ఉస్మాన్. ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. దొంగ బంగారమని తెలిసి కరిగించేవాళ్లు ఎంత తీసుకుంటారని కానిస్టేబుల్‌ను అడిగాడు. రెండింతలు, మూడింతలు సార్, ఒకడు అయిదింతలు కూడా తీసుకున్న్యాడు, అన్నాడు ఆయన. సగానికి చేసినోన్ని చూసినావా అంటే, లేదన్నాడు.

"సూడలేదు అని రాయి. తప్పు అనేది తీసెయ్," అన్నాడు ఎస్సై.

పొద్దు గూకేవేళకు ఈశ్వరమ్మ వచ్చింది. ఆటోలో వచ్చినట్టుంది, చీర కొంగంతా దుమ్ము. గుండ్లను చేత్తో ముట్టుకోనివ్వలేదు వాళ్లు, అవి ఇక కేసు వస్తువులు. దూరం నుంచే చూసింది. తరువాత బెంచీ మీద ఉన్న ఉస్మాన్‌ను చూసింది.

"సగం కరిగించినావంట గదప్పా."

"కరిగించినా అక్కా."

ఆమె అతడి పక్కన కూర్చుంది. ఆ తరువాత ఏమన్నా తిన్నావా అని అడిగింది. తినలేదంటే సంచిలో నుంచి రెండు అరటిపండ్లు తీసి ఇచ్చింది. అతడు తింటుండగా, ఎదురు కొక్కెం కోసం మూడుసార్లు చేయించినానని నన్ను తిట్టుకునింటావు అప్పట్లో అంది. తిట్టుకున్నానని ఒప్పుకున్నాడు. ఖమర్‌బీ ఫోను చేసి ఏమని రాసుకున్నారని అడిగింది. సాక్షి అని రాసినారు, కానీ చివరికి అట్లే ఉంటుందో లేదో కోర్టు చెప్పాలంట, అన్నాడు.

మరుసటి రోజు సాయంత్రం మెట్ల మీద ఇద్దరు పోలీసులు మామూలు బట్టల్లో కూర్చున్నారు. అమీర్ బాషా వాళ్లకు టీ తెప్పించి, తన గదిలోకి పోయి మెరుగు చక్రం తిప్పుతూ కూర్చున్నాడు. చక్రం మీద నగ ఏమీ లేదు. తెల్ల చొక్కా మనిషి చెప్పిన వేళకే వచ్చాడు. అయిపోయిందా అప్పా అన్నాడు. ఉస్మాన్ అతడి ముఖంలోకి చూశాడు. చావింటి వాళ్ల ముఖంలోకి అట్లా సూటిగా చూడటం అదే మొదటిసారి. మీయమ్మ పేరేంది నాయనా అని అడిగాడు. ఆ మనిషికి వెంటనే పేరు రాలేదు. అప్పటికే మెట్ల మీది ఇద్దరూ లేచారు.

మొదటి కడ్డీ ఒక అంగడిలో దొరికింది. ఆ అంగడాయన కూడా నాకేమీ తెలియదనే అన్నాడు. కానీ ఆ రోజు ధరలో సగానికి కొన్నాడు, చీటీ రాయలేదు, కొన్న సంగతి గుమాస్తాకు కూడా చెప్పలేదు. మంచి సొమ్ముకు ఎవరూ అట్లా సగం ధర అడగరని దేవకుమారి తరువాత చెప్పింది. అంగడాయన పేరు సాక్షుల్లో రాయలేదు, నిందితుల్లో రాశారు.

వీధిలో కొన్నాళ్లు ఉస్మాన్‌ను వింతగా చూశారు. ఇద్దరు పాత ఖాతాదారులు రావడం మానేశారు. తరువాత వేరేవాళ్లు వచ్చారు. చావింటి బంగారమని ఎవరైనా అంటే అతడు ఇప్పుడు కూర్చోమంటాడు. పోయినవాళ్ల పేరు అడుగుతాడు. మొదట్లో, అడిగితే నొచ్చుకుంటారనుకున్నాడు. చాలామంది నొచ్చుకోలేదు. పేరు చెప్పి, ఊరు చెప్పి, ఆ గాజు ఎప్పుడు చేయించారో, ఎన్నిసార్లు తాకట్టుకు పోయి వచ్చిందో చెబుతారు. కొందరు గంట సేపు చెబుతారు. మూస చల్లబడుతుంది. ఉస్మాన్ మళ్లీ మంట పెడతాడు. కూలి మాత్రం ఇప్పటికీ సగమే.

ఏడాది దాటాక పులివెందుల కోర్టు నుంచి సమను వచ్చింది. సాక్ష్యం చెప్పమని. ఖమర్‌బీ చొక్కా ఇస్త్రీ చేసింది. మొదటి బస్సుకు పోయాడు. బోనులో తెల్ల చొక్కా మనిషి, అంగడాయన నిలబడి ఉన్నారు. ఉస్మాన్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. అంగడాయన తరఫు వకీలు పెద్దాయన. నిదానంగా లేచాడు.

మొదటి మూట కరిగించింది నువ్వే గదా అని అడిగాడు. నేనే అన్నాడు ఉస్మాన్. మా కక్షిదారు కొన్నది నువ్వు చేసిన కడ్డీయే గదా. అవునన్నాడు.

"మరి నువ్వు ఈ పక్కన నిలబడి, ఆయన ఆ పక్కన ఎందుకు నిలబడినట్టు?"

పబ్లిక్ ప్రాసిక్యూటరు అభ్యంతరం చెప్పబోయాడు. జడ్జి చేయి ఎత్తింది, చెప్పనివ్వమంది. ఉస్మాన్ వకీలు వైపు తిరిగాడు.

"ఆ మాట నన్ను నేనే శానా సార్లు అడుగుకుంటినయ్యా. తెలీనప్పుడు కరిగించినా. తెలిసిన దినమే, పొద్దు గూకక ముందే ఈ ఊరికొస్తి. అంతకు మించి నా దగ్గర జవాబు లేదు."

జడ్జి ఆ మాటలను అట్లాగే రాయించింది. వకీలు ఇంకేమీ అడిగేది లేదని కూర్చున్నాడు. గుమాస్తా చదివి వినిపించాడు, ఉస్మాన్ సంతకం పెట్టాడు. నువ్వు పోవచ్చన్నారు. నిజంగా పోవచ్చా అని అతడు అడిగాడు. పోవచ్చన్నారు.

బయట ఎండ ఉంది. బస్టాండు దగ్గర దోసె తిని టీ తాగాడు. జమ్మలమడుగు బస్సు సిద్ధంగా ఉంది, ముద్దనూరులో దిగి ప్రొద్దుటూరుకు మారాలి. కిటికీ పక్క సీటు దొరికింది. ఏడాది కిందట ఈ దారిలో జేబు మీద పెట్టుకున్న చేయి ఇప్పుడు ఒళ్లో ఉంది. ఊరు దాటగానే కళ్లు మూతపడ్డాయి. ముద్దనూరులో కండక్టరు లేపేదాకా నిద్రపోయాడు.